ఐస్‌లాండ్ తిమింగలాల వేటపై తిరుపతి నుంచి చేసిన పని: ఒక కేస్ స్టడీ

తిమింగలాల వేటను ఆపించే ప్రయత్నంలో ఆన్‌లైన్ వాలంటీర్ నిజంగా చేయగలిగింది ఏమిటి, ఎక్కడి వరకు చేయగలరు అన్న ప్రశ్నకు, 2023 మే నెల నుంచి 2024 చివరి వరకు తిరుపతిలో మేము చేసిన పని ఆధారంగా సమాధానం చెప్పేందుకు ఈ నివేదిక రాస్తున్నాను. నేను ఇక్కడి ఒక డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తాను. మా బృందంలో నా విద్యార్థులు కొందరు, చిత్తూరులోని ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు ఒకరు, పశుసంవర్ధక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన పశువైద్యులు ఒకరు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో పలమనేరుకు వచ్చే యువకుడు ఒకరు ఉన్నారు. మాకు రిజిస్టరైన సంస్థ లేదు, నిధులు లేవు, ఎవరి ఆదేశాలూ లేవు. శనివారం సాయంత్రాల్లో గూగుల్ మీట్‌లో కలిసి పని పంచుకోవడం, మిగతా రోజుల్లో వీలైనప్పుడు చేయడం మా పద్ధతి.

ఈ పని నుంచి నేను గట్టిగా చెప్పదలచినది ఒక్కటే. వాలంటీర్ మాటకు బరువు రావాలంటే ఆ మాట నిజమై ఉండాలి, నిర్ణయాధికారం ఎవరి చేతిలో ఉందో వారికి చేరాలి, నిర్ణయం ఇంకా జరగని రోజుల్లోనే చేరాలి. ఇందులో ఏది లోపించినా ఎన్ని సంతకాలు సేకరించినా అవి తిమింగలం దాకా వెళ్లవు.

ఐస్‌లాండ్‌నే ఎందుకు ఎంచుకున్నాం

20వ శతాబ్దంలో యంత్ర నౌకలతో చంపిన పెద్ద తిమింగలాల సంఖ్య దాదాపు 29 లక్షలని పరిశోధకులు లెక్కగట్టారు. వేటను నియంత్రించేందుకు 1946 డిసెంబరు 2న వాషింగ్టన్‌లో కుదిరిన ఒప్పందం కింద అంతర్జాతీయ తిమింగల కమిషన్ ఏర్పడింది గానీ, తొలి దశాబ్దాలలో అది ఎవరెన్ని చంపవచ్చో తేల్చుకునే వేదికగానే నడిచింది. వాణిజ్య వేటను నిలిపివేయాలని ఆ కమిషన్ 1982లో ఓటు వేసింది. 1985-86 వేట కాలం నుంచి ఆ నిర్ణయం అమలులోకి వచ్చింది. తమ దేశ జాతీయ పతాకం కింద వేట జరిగిపోతూనే ఉండాలనుకున్న మూడు దేశాలు మూడు వేర్వేరు దారులు పట్టాయి. నార్వే నిషేధానికి మొదటే అభ్యంతరం నమోదు చేసి, దాని ఆధారంగా 1993లో వాణిజ్య వేటను తిరిగి మొదలుపెట్టింది. 2025లో ఆ దేశపు కోటా మింకీ అనే జాతికి చెందిన 1,406 తిమింగలాలు. జపాన్ 1987 నుంచి శాస్త్ర పరిశోధన పేరుతో అంటార్కిటికా సముద్రంలో వేట సాగించగా, 2014 మార్చి 31న అంతర్జాతీయ న్యాయస్థానం 12-4 ఓట్లతో ఆ కార్యక్రమం పరిశోధన నిర్వచనంలోకి రాదని తీర్పు చెప్పింది. మన దేశానికి చెందిన న్యాయమూర్తి దల్వీర్ భండారీ ఆ మెజారిటీలో ఒకరు. ఆ తరువాత జపాన్ 2019 జూన్ 30న కమిషన్ నుంచే వైదొలగి, మరుసటి రోజు నుంచి తన సొంత సముద్ర జలాల్లో వాణిజ్య వేట ప్రారంభించింది.

ఐస్‌లాండ్ దారి వేరు. 1992లో కమిషన్‌ను వదిలి, 2002లో నిషేధానికి కట్టుబడబోమన్న షరతుతో తిరిగి చేరి, 2006లో వాణిజ్య వేట మొదలుపెట్టింది. ఫిన్ అనే పెద్ద జాతి తిమింగలాలను వేటాడేది అక్కడ హ్వాలుర్ అనే ఒకే ఒక్క కంపెనీ. ఆ మాంసం దాదాపు అంతా జపాన్‌కే ఎగుమతి అవుతుంది. మేము పని మొదలుపెట్టే నాటికి ఆ కంపెనీ లైసెన్సు 2023 చివరితో ముగియనుంది. 2024 నుంచి వేటను కొనసాగించడానికి తగిన కారణాలు కనిపించడం లేదని ఆహార, వ్యవసాయ, మత్స్య శాఖల మంత్రి స్వాండీస్ స్వావర్స్‌డోట్టిర్ 2022 ఫిబ్రవరిలోనే అక్కడి పత్రికలో రాశారు. 2023 జూన్‌లో వచ్చిన అభిప్రాయ సేకరణలో ఐస్‌లాండ్ ప్రజల్లో సగానికి కొంచెం ఎక్కువ మంది వేటను వ్యతిరేకించారు. నార్వేలో, జపాన్‌లో నిర్ణయం అప్పటికే గట్టిపడిపోయింది. ఐస్‌లాండ్‌లో ఇంకా చర్చలోనే ఉంది. కొద్దిపాటి సమయం, కొద్దిమంది మనుషులు ఉన్న బృందం ఏ తలుపు తట్టాలన్న దానికి ఇంతకన్నా స్పష్టమైన కారణం అక్కర్లేదని నా అభిప్రాయం.

మొదటి సమావేశంలోనే ఒక హద్దు గీసుకున్నాం. గ్రీన్‌లాండ్, అలాస్కా, రష్యాలోని చుకోట్కా ప్రాంతాల్లో స్థానిక ఆదివాసీ సమాజాలు తమ తిండి కోసం చేసే వేటను కమిషన్ వేరుగా పరిగణించి, దానికి వేరే పరిమితులు పెడుతుంది. తరతరాలుగా ఆ సముద్రం మీదే బతికిన మనుషుల తిండిని ఎగుమతి వ్యాపారంతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదని నేను నమ్ముతాను. దీనిపై మా బృందంలో వాదన జరిగింది. చావు అనుభవించే ప్రాణికి చంపేవారెవరైనా ఒకటే కదా అని ఒక విద్యార్థిని అడిగిన మాటను తేలిగ్గా తీసివేయలేదు, ఆ మాటలో నిజం ఉంది. అయినా మా పని పరిధి వాణిజ్య వేట వరకేనని అందరం ఒప్పుకున్న తరువాతే ముందుకు కదిలాం.

తిరుపతివాళ్లకు దీనితో సంబంధం ఏమిటి

వాలంటీర్లను పిలిచినప్పుడు ఎదురైన మొదటి ప్రశ్న ఇదే. "యాడో ఐస్‌లాండులో తిమింగలాన్ని సంపితే మనకేంది మేడమ్?" అని ఏర్పేడు నుంచి వచ్చే ఒక విద్యార్థి సూటిగా అడిగాడు. అతనికి నేను శేషాచలం కొండల్నే చూపించాను. ఎర్రచందనం పెరిగేది ఇక్కడ, కొనేవారు ఉండేది చైనాలోనో జపాన్‌లోనో. ఆ చెట్టు 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందమైన సైటీస్ రెండవ అనుబంధంలో ఉన్నా, కొండల్లో గొడ్డలి చప్పుడు ఆగకపోవడానికి కారణం దూరదేశపు గిరాకీయేనని తిరుపతిలో ఎవరికీ పాఠంలా చెప్పనక్కర్లేదు. ఐస్‌లాండ్ సముద్రంలో ఫిన్ తిమింగలాన్ని చంపించేది కూడా అలాంటి గిరాకీయే. మన అడవిని కాపాడేందుకు పరాయి దేశాల ప్రజలు మాట్లాడాలని మనం కోరుకుంటున్నప్పుడు, వారి సముద్రంలోని ప్రాణి కోసం మనం మాట్లాడడంలో వింతేమీ లేదు. ఆ విద్యార్థి తరువాత మా బృందంలో అందరికంటే ఓపికగా పత్రాలు చదివే వ్యక్తి అయ్యాడు.

ఇంకో సంబంధం చట్టానికి, భూగోళానికి చెందినది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట ప్రాంతం కలిసి, కొండల ఊరుగా పేరున్న తిరుపతికి శ్రీహరికోట వైపు సముద్ర తీరం వచ్చింది. మన తీరానికి ఆవల ఉన్న హిందూ మహాసముద్రాన్ని కమిషన్ 1979లో తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించింది. ఆ ప్రతిపాదన తెచ్చింది సీషెల్స్ అనే చిన్న ద్వీప దేశం. భారతదేశం 1981లో కమిషన్‌లో చేరింది. అభయారణ్యం అనే ఆలోచనకు ముందు మన సముద్రాలకు కూడా గాయాలు తగిలాయి: 1960ల మధ్యలో సోవియట్ వేట నౌకలు అరేబియా సముద్రంలో రెండు వందలకు పైగా హంప్‌బ్యాక్ తిమింగలాలను రహస్యంగా చంపాయి. ఇతర హంప్‌బ్యాక్‌ల మాదిరిగా ధ్రువాలకు వలస వెళ్లని ఆ చిన్న సమూహం ఈనాటికీ కోలుకోలేదు. ఒమన్ తీరంలో ఉపగ్రహ ట్యాగ్ అమర్చిన లుబాన్ అనే ఆడ తిమింగలం 2017 చివరలో సముద్రం దాటి భారత తీరానికి వచ్చిందన్న సంగతి చెప్పినప్పుడు తరగతిలో ఎంత నిశ్శబ్దం ఆవరించిందో నాకు బాగా గుర్తుంది. అంకెలు చెప్పని మాటను ఒక ప్రాణి ప్రయాణం చెబుతుంది.

నివేదికను చదివిన తీరు

2023 మే 8న ఐస్‌లాండ్ ఆహార, పశువైద్య ప్రాధికార సంస్థ ఒక నివేదిక ప్రచురించింది. అంతకు ముందు ఏడాది వేట కాలంలో చంపిన 148 ఫిన్ తిమింగలాలకు సంబంధించిన నివేదిక అది. మా పనికంతటికీ అదే ఆధారం కాబట్టి దాని గురించి కొంత వివరంగా రాయడం అవసరం.

148లో 36 తిమింగలాలను, అంటే దాదాపు నాలుగింట ఒక వంతును, ఒకటి కంటే ఎక్కువసార్లు కాల్చవలసి వచ్చింది. వాటిలో కొన్నింటికి మూడు, నాలుగు సార్లు కూడా హార్పూన్ దింపారు. నౌకల మీద ఉన్న ప్రభుత్వ పరిశీలకులు 58 తిమింగలాల మరణాన్ని దగ్గరి నుంచి నమోదు చేశారు. ఆ 58లో సుమారు 59 శాతం వెంటనే చనిపోయాయి. వెంటనే చనిపోని వాటి విషయంలో మరణానికి పట్టిన సమయపు మధ్యగతం 11.5 నిమిషాలు. ఒక తిమింగలం ప్రాణం పోవడానికి రెండు గంటలు పట్టింది. వీపులో హార్పూన్ దిగిన మరొక తిమింగలాన్ని ఐదు గంటల పాటు వెంబడించినా పట్టుకోలేకపోయారు. దానికి తరువాత ఏమైందో ఏ పత్రంలోనూ ఉండదు.

ఇక్కడ హార్పూన్ అంటే ఈటె అనుకోకూడదు. దాని మొనలో పెంథ్రైట్ అనే పేలుడు పదార్థం నింపిన గ్రెనేడ్ ఉంటుంది. శరీరంలోకి కొంత లోతు వెళ్లాక అది పేలి, మెదడును, నాడీ వ్యవస్థను దెబ్బతీసి తక్షణ మరణం కలిగించాలన్నది దాని ఉద్దేశం. కదులుతున్న నౌక మీద నుంచి, అలల మధ్య క్షణకాలం పైకి తేలే ప్రాణికి గురి తప్పకుండా సరైన చోట తగలడం ఎంత కష్టమో మా బృందంలోని పశువైద్యులు వివరించారు. ఆయన ఉద్యోగకాలంలో కబేళాల తనిఖీ కూడా చేశారు. పశువును స్పృహ తప్పించే ముందు దాన్ని కదలకుండా నిలబెట్టడం, తల మీద కచ్చితమైన స్థానాన్ని గుర్తించడం, స్పృహ పోయిందో లేదో కంటి స్పందనతో పరీక్షించడం తప్పనిసరి అని, సముద్రం మీద ఈ మూడింటిలో ఒక్కటి కూడా సాధ్యం కాదని ఆయన చెప్పినప్పుడు మాకు మా వాదన ఏమిటో స్పష్టమైంది. వేటగాళ్ల నైపుణ్యం పెంచితే తీరే లోపం కాదిది. వేట జరిగే పరిస్థితిలోనే ఉన్న లోపం.

మధ్యగతం అన్న పదం దగ్గర మేము చాలా సేపు ఆగవలసి వచ్చింది. సామాజిక మాధ్యమాల్లో చాలామంది ఆ అంకెను సగటు అని రాశారు, మరికొందరు తిమింగలాలన్నీ పదకొండున్నర నిమిషాలు విలవిలలాడి చస్తాయని రాశారు. రెండూ తప్పే. వెంటనే చనిపోని వాటిలో సగం అంతకంటే తక్కువ సమయంలో, సగం అంతకంటే ఎక్కువ సమయంలో చనిపోయాయన్నదే ఆ అంకెకు అర్థం. పదవ తరగతి గణితంలో మధ్యగతం చెప్పే మా చిత్తూరు ఉపాధ్యాయురాలు దీన్ని తెలుగులో నాలుగు వాక్యాల్లో రాసి ఇచ్చారు. మేము పంచుకున్న ప్రతి తెలుగు రచనలో ఆ నాలుగు వాక్యాలనే వాడాం. ఇంత పట్టింపు ఎందుకని కొందరు అడిగారు. వేటను సమర్థించేవారు ఎదుటివారి వాదనలో మొదట వెతికేది ఇలాంటి పొరపాటునే. తప్పు అంకె ఒకటి దొరికితే మిగిలిన నిజాలన్నిటినీ పక్కన పెట్టడానికి వారికి అది చాలు.

ఉత్తరాలు

తయారుగా ఉన్న నమూనా ఉత్తరాన్ని బటన్ నొక్కి వేలమందితో పంపించే పద్ధతికి మేము దూరంగా ఉన్నాం. ఒకే పాఠంతో వచ్చే ఈమెయిళ్లను అందుకున్న కార్యాలయం వాటన్నిటినీ ఒకే అభిప్రాయంగా లెక్కిస్తుంది, ఒక్కోసారి స్పామ్‌లోకి నెట్టేస్తుంది. కాబట్టి ప్రతి వాలంటీరూ సొంత మాటల్లో, ఒక పేజీకి మించకుండా, తన ఊరు, తన వృత్తి లేదా చదువు తెలుపుతూ రాయాలని నియమం పెట్టుకున్నాం. నివేదికలోని ఒక అంశాన్ని ఎంచుకోవాలి. ఐస్‌లాండ్ 2013లో చేసుకున్న జంతు సంక్షేమ చట్టం ప్రకారం ఆ అంశం చెల్లుతుందా అని అడగాలి. కోరిక ఒకటే ఉండాలి. రక్తం కనిపించే ఫొటోలు జతచేయకూడదు, ఆ దేశ ప్రజలను నిందించే మాట ఒక్కటీ ఉండకూడదు. విద్యార్థుల ఆంగ్లంలో ఉన్న చిన్న చిన్న తప్పులను నేను కావాలనే దిద్దలేదు. తిరుపతి పక్క పల్లె నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల అమ్మాయి తనకు తెలిసిన భాషలో రాసిన ఉత్తరానికి ఉండే నిజాయితీ, అధ్యాపకురాలు చెక్కిన వాక్యాలకు ఉండదు.

ఉత్తరాలు మంత్రి కార్యాలయానికి, కొన్ని న్యూఢిల్లీలోని ఐస్‌లాండ్ రాయబార కార్యాలయానికి వెళ్లాయి. ఐస్‌లాండ్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి, అక్కడ కార్యాలయాలు తెరిచే సమయానికి చేరేలా మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో పంపేవాళ్లం. చాలావాటికి అందినట్లు తెలిపే మామూలు జవాబులు వచ్చాయి. మరికొన్నింటికి ఏ జవాబూ రాలేదు. దానికి వాలంటీర్లు నిరుత్సాహపడకుండా, ఉత్తరం చదివినవారు జవాబు రాయకపోయినా చదివిన సంగతి పోదని చెబుతూ వచ్చాను.

తెలుగు ఇంటర్నెట్‌లో మాకు ఎదురైనవి

విదేశాలకు ఉత్తరాలు రాయడం కంటే, తెలుగులో తిమింగలాల గురించి తిరిగే మాటలను సరిచేయడమే ఎక్కువ శ్రమ తీసుకుంది, ఎక్కువ ఫలితమూ ఇచ్చింది. ఎర్రబారిన సముద్రం, ఒడ్డున వరుసగా పడివున్న నల్లని శరీరాలు ఉన్న ఫొటోలు వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. డెన్మార్క్‌లో యువకులు పెద్దవారయ్యారని నిరూపించుకోవడానికి డాల్ఫిన్లను చంపుతారని వాటి కింద రాసి ఉంటుంది. మరికొన్నిటిలో అదే ఫొటోను జపాన్‌కు అంటగడతారు. ఆ దృశ్యాలు ఫారో దీవులవి. డెన్మార్క్ రాజ్యంలో స్వయంపాలన ఉన్న ఆ దీవుల్లో పైలట్ తిమింగలాలను తీరానికి తరిమి చంపి, మాంసాన్ని ఊరివారు పంచుకుంటారు. యుక్తవయసు పరీక్ష అన్నది కట్టుకథ. అక్కడ 2021 సెప్టెంబరు 12న ఒకే రోజు 1,428 డాల్ఫిన్లను చంపడం మాత్రం నిజం, దానిపై ఆ దీవుల్లోనే పెద్ద చర్చ జరిగింది. చిన్న తిమింగలాలు, డాల్ఫిన్ల వేటపై కమిషన్ నిషేధం వర్తించదు గనుక, ఈ విషయాన్ని ఐస్‌లాండ్ విషయంతో కలిపితే రెండిటికీ నష్టమే.

కట్టుకథ కూడా తిమింగలాల పట్ల జాలి పుట్టిస్తుంది కదా, ఎందుకు ఖండించడం అని అడిగినవారున్నారు. అబద్ధం మీద పుట్టిన జాలి, అబద్ధం బయటపడిన రోజు పోతుంది, పోతూ పోతూ నిజం మీద ఉన్న నమ్మకాన్ని కూడా తీసుకుపోతుంది. పైగా ఆ సందేశాల కింద ఒక దేశాన్ని, ఒక జాతిని తిట్టే వ్యాఖ్యలు పుట్టగొడుగుల్లా వస్తాయి. అలాంటి వ్యాఖ్యలు చేసేవారు మాతో పనిచేయలేరని మేము మొదటే స్పష్టం చేశాం. ఖండించేటప్పుడు, అదే కుటుంబానికి చెందిన పైలట్ తిమింగలాలు 2016 జనవరిలో తమిళనాడులోని తూత్తుకుడి తీరానికి పదుల సంఖ్యలో కొట్టుకొచ్చినప్పుడు అక్కడి మత్స్యకారులు వాటిని తిరిగి సముద్రంలోకి లాగి వదిలేందుకు పడిన పాట్లను గుర్తుచేసేవాళ్లం. మన పక్క తీరపు మనుషులు చేసిన ఆ పని, తిట్ల కంటే ఎక్కువమందిని ఆలోచింపజేసింది.

రెండో సమస్య అంబర్‌గ్రిస్. తిమింగలం వాంతి కోట్ల రూపాయలు పలుకుతుందని చెప్పే తెలుగు వీడియోలకు ఉన్న ఆదరణలో పదో వంతు కూడా వేట గురించి చెప్పే వాటికి లేదు. స్పెర్మ్ తిమింగలం పేగుల్లో ఏర్పడే ఈ పదార్థాన్ని మన దేశంలో దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, కొనడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూల్‌లో ఉన్న ప్రాణికి సంబంధించిన నేరం కాబట్టి మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. అమ్మకపు ప్రకటనలు కనిపిస్తే వాటి లింకును, తేదీని భద్రపరచి వన్యప్రాణి నేర నియంత్రణ విభాగానికి పంపడమే మా పని; అమ్మకందారుతో కొనుగోలుదారులా మాట్లాడి గుట్టు లాగాలని ఉత్సాహపడిన ఇద్దరు యువకులను గట్టిగా వారించాను. ఆ పని పోలీసులది, అటవీ శాఖది.

మాకు మాత్రమే సాధ్యమైన పని ఒకటి మూడోది. ఐస్‌లాండ్‌కు, నార్వేకు విహారయాత్రకు వెళ్లే తెలుగువారు ఇప్పుడు తక్కువమందేమీ కాదు. అమెరికాలో, యూరప్‌లో స్థిరపడినవారు తీసే తెలుగు యాత్రా వీడియోలలో ఉత్తర ధ్రువపు వెలుగులతో పాటు అక్కడి రెస్టారెంట్ల మెనూలు కూడా కనిపిస్తాయి. ఐస్‌లాండ్‌లో మింకీ తిమింగల మాంసాన్ని రుచి చూసేవారిలో పెద్ద భాగం స్థానికులు కాదు, అది అక్కడి సంప్రదాయ వంటకమని నమ్మిన పర్యాటకులే. అంతర్జాతీయ జంతు సంక్షేమ నిధి అక్కడి తిమింగల వీక్షణ సంస్థలతో కలిసి, మమ్మల్ని చూడండి, తినకండి అన్న అర్థం వచ్చే నినాదంతో ప్రచారం నడిపింది ఇందుకే. మేము ఆ వీడియోల రూపకర్తలకు మర్యాదగా రాశాం: మీ వీడియో వివరణలో ఒక వాక్యం చేర్చండి, పడవలో వెళ్లి బతికున్న తిమింగలాన్ని చూడమని చెప్పండి, మాంసం రుచి చూడవద్దని, భారతదేశానికి తేవడం చట్టవిరుద్ధమని చెప్పండి. కొందరు వెంటనే చేర్చారు. ఒకాయన తన వీడియోలో మెనూ దృశ్యాన్నే తొలగించి, ఆ చోట తిమింగల వీక్షణ దృశ్యం పెట్టారు. మంత్రికి రాసిన ఉత్తరం ఏం చేసిందో నేను రుజువు చూపలేను గానీ, ఇది మాత్రం మా కళ్ల ముందు జరిగిన మార్పు.

జరిగినది, జరగనిది

వేట పద్ధతులు జంతు సంక్షేమ చట్టానికి అనుగుణంగా లేవని ఐస్‌లాండ్ నిపుణుల మండలి 2023 జూన్‌లో తేల్చి చెప్పింది. జూన్ 20న, సీజన్ మొదలవడానికి ముందు రోజు, మంత్రి ఆగస్టు 31 వరకు వేటను నిలిపివేశారు. ఆ వార్త వచ్చినప్పుడు మా బృందమంతా ఎంత ఆనందించిందో చెప్పనక్కర్లేదు. అయితే అది మా విజయమని ఎక్కడా రాయవద్దని ఆ రోజే అందరినీ కోరాను. ఐస్‌లాండ్‌లోనే ఏళ్ల తరబడి పనిచేసిన పౌరులు, నౌకల నుంచి వీడియోలు సేకరించినవారు, నివేదిక రాసిన పశువైద్యులు, వీరి శ్రమకు ఫలితం అది. దూరం నుంచి రాసిన మనబోటి వాళ్ల ఉత్తరాలు, ఆ శ్రమను ప్రపంచం చూస్తోందన్న సూచన మాత్రమే ఇవ్వగలవు. ఆ సూచనకు విలువ ఉంది, అంతకు మించి చెప్పుకోవడం అన్యాయం.

సెప్టెంబరులో కఠిన నిబంధనలతో వేట తిరిగి మొదలైంది, ఆ ఏడాది 24 ఫిన్ తిమింగలాలను చంపారు. 2024 జనవరిలో ఐస్‌లాండ్ పార్లమెంటు అంబుడ్స్‌మన్ (ప్రభుత్వ చర్యలపై ఫిర్యాదులను పరిశీలించే స్వతంత్ర అధికారి) ఇచ్చిన అభిప్రాయం మా ఆలోచనను మార్చింది. మంత్రి చేసిన ఆకస్మిక నిలిపివేతకు చట్టంలో తగినంత స్పష్టమైన ఆధారం లేదని ఆయన అన్నారు. ఆ దేశపు వేట చట్టం 1949 నాటిది, అది వేటకు అనుమతులివ్వడం కోసం రాసింది. పాత చట్టం అలాగే ఉండగా మంచి మంత్రి ఒకరు వచ్చినా ఆమె చేయి కట్టేసినట్లే ఉంటుంది. అప్పటి నుంచి మా ఉత్తరాల్లో లైసెన్సు ఇవ్వవద్దన్న కోరికకు బదులు, 1949 చట్టాన్ని మార్చమన్న కోరిక ప్రధానమైంది. ఇతర బృందాలకు నేను ఇచ్చే సలహా ఇదే: మంత్రి ప్రకటన వెనక ఉన్న చట్టపు సెక్షన్‌ను వెతికి చదవండి.

2024 జూన్‌లో 128 ఫిన్ తిమింగలాలకు కొత్త లైసెన్సు వచ్చినా, ఆలస్యంగా వచ్చినందువల్ల కంపెనీ ఆ ఏడాది వేటకు వెళ్లలేదు. అదే ఏడాది డిసెంబరులో, ఎన్నికలు ముగిసి కొత్త ప్రభుత్వం ఇంకా ఏర్పడని రోజుల్లో, ఆపద్ధర్మ ప్రభుత్వం ఏటా 209 ఫిన్, 217 మింకీ తిమింగలాల లెక్కన ఐదేళ్లకు అనుమతులిచ్చింది. ప్రజల తీర్పు వచ్చిన తరువాత, దిగిపోతున్న ప్రభుత్వం అంత దీర్ఘకాలపు నిర్ణయం తీసుకోవడం నాకు తీవ్రమైన బాధ కలిగించింది, ఇప్పటికీ ఆ నిర్ణయం తప్పనే అంటాను. 2025లో మాత్రం కంపెనీ ఫిన్ తిమింగలాల వేటకు వెళ్లడం లేదని ప్రకటించింది. జపాన్ మార్కెట్ పరిస్థితి బాగాలేదన్నది అది చెప్పిన కారణం. గిరాకీ గురించి మొదటే అనుకున్న మాటకు ఇంతకంటే సాక్ష్యం వేరే లేదు.

మన దేశం వైపు కూడా కొంత పని చేశాం. 2024 సెప్టెంబరులో పెరూ రాజధాని లీమాలో జరిగిన కమిషన్ సమావేశానికి ముందు, దక్షిణ అట్లాంటిక్‌లో తిమింగలాల అభయారణ్యం ప్రతిపాదనకు మద్దతివ్వాలని కోరుతూ కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖకు ఆంగ్లంలోనూ తెలుగులోనూ రాశాం. ఆ ప్రతిపాదన నెగ్గాలంటే నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది. ఏ ఒక్క దేశపు పౌరులైనా తమ ప్రభుత్వాన్ని ఇంకొంచెం గట్టిగా అడిగి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఈ పనిలో ఉన్న ఎవరినీ వదలదు.

ఇప్పుడు చేరేవారికి

ఈ నివేదిక చదివి తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి ఎవరైనా ఈ పనికి రావాలనుకుంటే, పోస్టులు పెట్టడంతో కాక చదవడంతో మొదలుపెట్టమని కోరుతాను. మొదటి నెల రోజులు మా దగ్గర చేరినవారికి ఏ ప్రచారమూ అప్పగించం. ఒక పత్రాన్ని తీసుకుని, అందులోని అంకెలను వాటి మూలంతో సరిపోల్చి, తెలుగులో తమ ఇంట్లో పెద్దవారికి అర్థమయ్యేలా రాయడమే వారి పని. ఆ రచనను మరో ఇద్దరు చదివి ప్రశ్నలు వేస్తారు. జవాబు చెప్పలేని వాక్యాన్ని తీసివేయాలి. తరువాత ఎవరికి ఏది నప్పితే అది: కొందరికి ఉత్తరాలు, కొందరికి వాట్సాప్ సందేశాల పరిశీలన, కొందరికి యాత్రా వీడియోలు.

హింసాత్మక దృశ్యాలను పదేపదే చూడటం ఈ పనిలో అవసరం లేదు. మొదట్లో ఇద్దరు విద్యార్థినులు అలాంటి వీడియోలు చూసి నిద్ర పట్టక ఇబ్బంది పడ్డారు, అందుకే ఇప్పుడు అలాంటి వాటిని పెద్దవారిలో ఒకరం చూసి, అవసరమైన వివరాన్ని మాటల్లో రాసి ఇస్తున్నాం. పరీక్షల కాలంలో విద్యార్థులకు ఏ పనీ చెప్పం.

ప్రస్తుతం బృందంలో సగం మంది ఐస్‌లాండ్ 1949 చట్టానికి తెలుగులో వివరణ సిద్ధం చేస్తున్నారు, మిగిలిన సగం మంది నార్వే మింకీ కోటాకు సంబంధించిన అధికారిక పత్రాలను చదువుతున్నారు. నార్వే విషయంలో మాట్లాడటానికి మాకు ఇంకా తగినంత తెలియదు గనుక, ఆ చదువు పూర్తయ్యే దాకా దాని మీద ఒక్క ఉత్తరం కూడా పంపకూడదని నిర్ణయించుకున్నాం.